పోవు బాణము – మరలివచ్చు రథము



బాణము పోవుటకే పుట్టినది; రథము పోయి మరలివచ్చుటకు పుట్టినది. పూర్వకాలమునుండియు ఈ రెండును వేరువేరు చేతుల పనులు. బాణము చేయువాడు దానిని మరల చూతునని తలపడు. రథము చేయువాడో, అది నేడు వెళ్ళి రేపు తిరిగివచ్చి ఎల్లుండి మరల కదలవలెనని యోచించి ఇరుసు బిగించును. మనకాలమున ఒక వింత జరిగినది. శబ్దముకంటె ఆరురెట్లు వేగమున పోవు అస్త్రమును, అంతరిక్షమునకు పోయి రెక్కలతో నేలకు దిగి మరల ప్రయాణమునకు సిద్ధమగు వాహనమును ఒకే విద్యనుండి పుట్టుచున్నవి. అది వేడిమిని జయించు విద్య. దాని చరిత్రయే ఈ పూట నా ప్రసంగవిషయము. ఈ చరిత్రలో తెలుగునేల వట్టి ప్రేక్షకురాలు కాదు. హైదరాబాదునందును, పులికాటు సరస్సునకు ఆవలనున్న శ్రీహరికోటయందును దీనిలోని ముఖ్యఘట్టములు కొన్ని జరిగినవి.

నేను శాస్త్రజ్ఞుడను కాను. చరిత్ర చదువుకొని, చదువు చెప్పి బ్రదికినవాడను. కావున పెద్దలెక్కలతో మిమ్ము శ్రమపెట్టను. కాని వేగమనగా నేమో మనస్సునకు పట్టవలెనన్నచో ఒక చిన్నలెక్క తప్పదు. దానిని మన దారులమీదనే వేసి చూతము. శబ్దము నేలదగ్గర సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. దానికి ఐదురెట్లు మించిన వేగమును శాస్త్రజ్ఞులు హైపర్సోనిక్ వేగమందురు. జనగామనుండి మహబూబాబాదునకు దారివంకరలు విడిచి సూటిగా కొలిచినచో సుమారు 90 కిలోమీటర్లుండును. సెకనుకు 2 కిలోమీటర్లు పోవు వాహనమునకు ఆ దూరము 45 సెకనుల పని. జనగామలో బయలుదేరి, మహబూబాబాదుమీదుగా భూపాలపల్లి చేరి, మరల జనగామకు వచ్చుటకు రెండున్నర నిమిషములు చాలును. బస్సెక్కిన మనిషి టికెట్టు తీసికొని చిల్లర లెక్కచూచుకొను లోపల మూడు జిల్లాల ప్రదక్షిణము ముగిసిపోవునన్నమాట.

ఇంత వేగమునకు శత్రువు దూరము కాదు, బరువు కాదు, వేడిమి. గాలి రాపిడివలననే ఈ వేడి పుట్టునని పలువురు తలంతురు. రాపిడి కొంత కలదు గాని, ప్రధానకారణము వేరు. సైకిలుచక్రమునకు గాలికొట్టునపుడు పంపు అడుగుభాగము చేతికి వెచ్చగా తగులుట మీరెరుగుదురు. లోపల నొక్కబడిన గాలియే ఆ వేడికి మూలము. అతివేగమున పోవు వాహనము ముందు గాలికి ప్రక్కకు తొలగు వ్యవధి యుండదు. అది అచ్చటనే నొక్కబడి, కాలి, తాకినదానిని కాల్చును.

మన ప్రాంతమువారికి వేడిమి కొత్త విషయము కాదు. జనగామ దాపుననున్న పెంబర్తి శిల్పులు ఇత్తడిరేకును కాచి మెత్తపరచి, దానిపై బొమ్మలు తీర్చుటలో ప్రసిద్ధులు. కాచిన లోహము సుత్తికి లొంగునను సత్యమే వారి జీవనాధారము. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము నేలలో ఇనుపరాయి కలదు. భూపాలపల్లి గనులలోని బొగ్గు రాజ్యమంతటికి విద్యుత్తునిచ్చు వేడిని తనలో దాచుకొన్నది. ఇనుము కరగుటకు 1,538 డిగ్రీల వేడి కావలెను. అమెరికావారి స్పేస్ షటిల్ అంతరిక్షమునుండి దిగునపుడు దాని రెక్క అంచు సుమారు 1,650 డిగ్రీలకు చేరుచుండెను. అనగా ఆ అంచు మన ఇనుముతో చేసినదైనచో మధ్యదారిలోనే నీరై కారిపోవును. పెంబర్తి శిల్పికి మిత్రమైన గుణమే, లోహము వేడికి లొంగుటయే, ఈ వాహనశిల్పికి మృత్యువు.

ఈ పోరాటములో మొదటి గెలుపు దక్షిణాపథముననే కలిగినదని చెప్పవచ్చును. పదునెనిమిదవ శతాబ్దమున మైసూరు సైన్యములో హైదరాలీ, టిప్పుసుల్తానుల కాలమున వాడిన తారాజువ్వలు ఇనుపగొట్టములలో మందు కూరి చేసినవి. అంతకుముందు కాగితపు గొట్టములును, వెదురుబొంగులును వాడుకలో నుండెను. అవి ఎక్కువ ఒత్తిడికి ఓర్వలేవు. ఇనుపగొట్టము మంటను లోపల బంధించి, మందుబలము నంతటిని వెనుకకు త్రోయుటవలన ఆ జువ్వలు అధికదూరము పోయెను. 1780లో పొల్లిలూరి యుద్ధమున కుంపినీ సైన్యము వాని దెబ్బను చవిచూచెను. 1799లో శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట అట్టి గొట్టములు ఇంగ్లండునకు చేరినవి. విలియం కాంగ్రీవ్ వానిని పరిశీలించి తనదేశపు రాకెట్లను తయారుచేసెను. మంటను గొట్టములో నిలుపగలిగిన శిల్పి మొదటిమెట్టు ఎక్కెను. ఆ మంట బయటినుండి వచ్చి తన్ను చుట్టుకొన్నప్పుడు ఏమిచేయవలెనను ప్రశ్న అతనికి ఇంకను ఎదురుపడలేదు.

ఆ ప్రశ్న ఎదురైనది ఇరువదవ శతాబ్దమున. ఆస్ట్రియా దేశీయుడు యూజెన్ జేంగర్, గణితవిదుషి ఐరీన్ బ్రెట్ అనువారు జర్మనీలో పనిచేయుచు 1944లో ఒక నివేదిక సమర్పించిరి. రెక్కలుగల రాకెట్టువిమానము వాయుమండలపు పైఅంచునకు ఎగసి, మరల దిగి, గాలిపొరను తాకి ఎగిరి, ఇట్లు గంతులు వేయుచు సముద్రము దాటి అమెరికానగరములపై బాంబు వేయగలదని వారి ఊహ. గణపురము చెరువు గట్టున గాని బయ్యారము చెరువు గట్టున గాని పిల్లవాడు పలుచని పెంకును వాలుగా విసరినచో అది నీటిని తాకి తాకి ఎగురుచు పోవును గదా! వారి యుక్తియు అదియే. ఆ విమానము నిర్మాణమునకు రాలేదు. కాని యుద్ధానంతరము ఆ కాగితములు విజేతల చేతబడెను. తిరిగివచ్చు రథమును గూర్చి సాంకేతికముగా వ్రాసిన మొదటి గొప్పరచనలలో నొకటి నగరధ్వంసము కొరకే పుట్టినదను సంగతి మనము మరువరాదు.

అమెరికావారు ఎక్స్-15 అను రాకెట్టువిమానమును 1959నుండి 1968వరకు 199 పర్యాయములు నడిపిరి. 1967 అక్టోబరు 3న పీట్ నైట్ దానిని శబ్దవేగమునకు 6.7 రెట్లు, అనగా గంటకు 7,270 కిలోమీటర్లకు మించిన వేగమున నడిపెను. విమానము క్షేమముగా దిగెను. కాని దాని అడుగున తగిలించిన నమూనా ఇంజను కాలి ఊడిపోయియుండెను. జేంగరు బాటలో వచ్చిన డైనాసోర్ అను సైనికవాహనమును ఎగురకముందే 1963 డిసెంబరులో రద్దుచేసిరి. తరువాత 1981 ఏప్రిలు 12న స్పేస్ షటిల్ కొలంబియా బయలుదేరెను. సోవియటువారి బురాన్ 1988 నవంబరు 15న మనుష్యులు లేకయే ఎగిరి, తనంత తానే దిగి, మరల ఎన్నడును ఎగురలేదు.

షటిల్ 2011వరకు 135 యాత్రలు చేసినది. తిరిగివచ్చు బండి గనుక కిరాయి చౌకయగునని మొదట ఆశించిరి. ఆ ఆశ నెరవేరలేదు. ప్రతియాత్రకు తరువాతను వేలకొలది పెంకులను పరీక్షించి, చెడినవానిని మార్చవలసివచ్చెను. 2003 జనవరి 16న కొలంబియా బయలుదేరునపుడు ఇంధనపుతొట్టినుండి ఊడిన నురుగుముక్క ఎడమరెక్క అంచును కొట్టెను. పదునారు దినములు అంతరిక్షమున ఏ బాధయు కానరాలేదు. ఫిబ్రవరి 1న దిగునపుడు ఆ కన్నములో వేడిగాలి దూరి రెక్కను లోపలినుండి కరిగించెను. మన దేశమున పుట్టిన కల్పనా చావ్లాతో కూడ ఏడుగురు మరణించిరి. ఎక్కుటలో కలిగిన చిన్నలోపమునకు దిగుటలో శిక్షపడుట ఈ విద్యయొక్క క్రూరనియమము.

షటిల్ ముగియుచుండగనే దాని వారసుడు సైనికవేషమున వచ్చెను. ఎక్స్-37బి అను ఈ వాహనము తొమ్మిది మీటర్ల లోపు పొడవు, నాలుగున్నర మీటర్ల రెక్కలు గలది. లోపల మనుష్యులుండరు. 2010 ఏప్రిలు 22న మొదట బయలుదేరి 224 దినములు భూమిచుట్టు తిరిగి డిసెంబరులో దిగెను. ఆరవ యాత్రలో 908 దినములుండి 2022 నవంబరు 12న తిరిగివచ్చెను. ఏడవ యాత్ర 2023 డిసెంబరు 28న మొదలై 2025 మార్చి 7న ముగిసెను. అదే సంవత్సరము ఆగస్టులో ఎనిమిదవది మొదలయ్యెను. చీనావారును 2020 సెప్టెంబరులో అట్టి వాహనమును పంపి రెండుదినములలో దింపిరి. వారి రెండవయాత్ర 276 దినములు సాగి 2023 మే 8న ముగిసెను. ఈ వాహనములలోని కొన్ని ప్రయోగములనుగూర్చి ప్రకటనలు వచ్చినవి, తక్కినది రహస్యము. ఒక దేశపు రథము ఇంటిమీదుగా తిరుగుచుండ అందేమున్నదో తెలియక తక్కిన దేశములు దానిని అస్త్రముగానే భావించుట సహజము.

ఇక మన దేశపు కథ. ఆకాశవిమానములు మనకు పురాణములలో కలవు. అది కవుల మహిమ. వానిని ఇంజనీర్ల లెక్కలుగా భ్రమింపరాదు. వైమానికశాస్త్రమను గ్రంథములోని యంత్రములను బెంగుళూరు విజ్ఞానసంస్థలోని శాస్త్రజ్ఞులు 1974లో పరిశీలించి అవి ఎగురజాలవని తేల్చిరి. మన నిజమైన ఆకాశయానచరిత్ర మన కన్నులయెదుట చెమటతో వ్రాయబడినది. దానికొక ప్రధానస్థానము హైదరాబాదు. రక్షణశాఖవారి డి.ఆర్.డి.ఎల్. అను క్షిపణిపరిశోధనాలయము 1960 తరువాతి దశాబ్దారంభమున అచట నెలకొనెను. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతునిగమము స్థాపితములయ్యెను. వేడికి లొంగని ఉక్కులను, టైటానియపు మిశ్రలోహములను తయారుచేయుటయే ఈ మిశ్రధాతునిగమపు వృత్తి.

1982లో అబ్దుల్ కలాముగారు డి.ఆర్.డి.ఎల్. అధ్యక్షులై వచ్చిరి. మరుసటియేడు సమగ్ర క్షిపణిప్రణాళిక ప్రారంభమాయెను. 1989 మే 22న ఎగిరిన అగ్ని క్షిపణి మన చరిత్రలో ఒక మలుపు. ఎత్తునకు పోయి మరల వాయుమండలములో జొరబడునపుడు ముక్కుభాగము కాలిపోకుండ నిలుచునా యనునదే ఆనాటి ముఖ్యపరీక్ష. కర్బనపుదారములను కర్బనముతోనే బిగించి చేసిన కవచము ఆ వేడికి ఓర్చుకొనెను. అది బాణము, మరలిరాదు. కాని మరలివచ్చు రథమునకు కావలసిన మొదటిపాఠము ఆ బాణమే నేర్పెను.

ఆ రథమును కాగితముమీద చిత్రించినవారును హైదరాబాదువారే. భారత్ డైనమిక్సునకు అధిపతిగా పనిచేసిన ఎయిర్ కమోడోర్ రాఘవన్ గోపాలస్వామిగారు అవతార్ అను వాహనమును ప్రతిపాదించి, 2001లో అమెరికాలోని సాల్ట్‌లేక్ నగరమున పండితసభలో వివరించిరి. మామూలు విమానమువలె బాటపై పరుగెత్తి లేచి, దారిలో గాలినుండి ప్రాణవాయువును సేకరించుకొని, అంతరిక్షమునకు పోయి మరలి వచ్చునట్టి ఊహ అది. ఇందులోని కిటుకు తెలిసికొనవలసినదే. కిరసనాయిలు మండుటకు దాని బరువునకు రెండింతలకు మించిన ప్రాణవాయువు కావలెను. రాకెట్టు దానిని తనతోనే మోయును; మూట మోయుటకే బలము చాలభాగము ఖర్చగును. దారిలో దొరకు గాలిని పీల్చుకొనగలిగినచో మూట తగ్గును. అవతార్ నిర్మాణమునకు రాలేదు. కాని గాలి పీల్చు ఇంజనను కోరిక మిగిలిపోయెను.

ఆ ఇంజనుకు స్క్రాంజెట్ అని పేరు. కమ్మరికొలిమిలో తిత్తిగాలి మెల్లగా వచ్చి బొగ్గును రాజేయును. ఈ ఇంజనులో గాలి శబ్దముకంటె వేగముగా దూరి, అదేవేగమున వెళ్ళిపోవును. అది లోపల నుండు సెకనులో వేయవవంతు కాలములోనే ఇంధనము దానిలో కలిసి, అంటుకొని, మండవలెను. మంట ఆరరాదు, గోడ కరగరాదు. ఈ రెంటిని ఒక్కమారు సాధించుటకే ప్రపంచమున ప్రయోగశాలలు దశాబ్దములు వెచ్చించినవి.

మన దేశమున ఈ ప్రయోగములు ఆకాశమున జరిగిన స్థలములలో మొదటిది శ్రీహరికోట. ఆ ద్వీపమున 1971 అక్టోబరు 9న రోహిణి అను చిన్నరాకెట్టు మొదట ఎగిరెను. అంతకుపూర్వము అది యానాదుల అడవి. తేనె, దుంపలు, చేపలు, మూలికలు వారి జీవనము. ద్వీపమును రాకెట్టుకేంద్రమునకు తీసికొన్నపుడు వారు తమ చోట్లు విడువవలసివచ్చెను. మన రాకెట్టుచరిత్ర వ్రాయువారు మొదటిపుటలో శాస్త్రజ్ఞులతోపాటు ఆ యానాదుల పేరును వ్రాయవలెనని నా విన్నపము. గనులకొరకు ఊళ్ళు కదలుట ఎరిగిన ప్రాంతమువారికి ఈ మాట వేరుగా వివరింప నక్కరలేదు.

ఆ ద్వీపమునుండి పోయిన వస్తువు ఒకటి కక్ష్యనుండి మరలివచ్చుట 2007లో జరిగెను. జనవరి 10న పంపిన 550 కిలోల గుల్ల పన్నెండుదినములు భూమిచుట్టు తిరిగి, 22న బంగాళాఖాతములో చెక్కుచెదరక దిగెను. దానికి రెక్కలు లేవు. రెక్కలుగలది 2016 మే 23 ఉదయము 7 గంటలకు బయలుదేరెను. ఆరున్నర మీటర్ల పొడవుగల ఆ వాహనమును ఘన ఇంధనపు రాకెట్టు మోసికొనిపోయి 56 కిలోమీటర్ల ఎత్తున విడిచెను. అది 65 కిలోమీటర్లవరకు ఎగసి, శబ్దమునకు ఐదురెట్ల వేగమున దిగుచు, పెంకుల కవచముతో వేడిని ఓర్చి, తనంత తానే దారి చూచుకొని, తీరమునకు సుమారు 450 కిలోమీటర్ల దూరమున సముద్రమును చేరెను. మొత్తము ప్రయాణము 770 సెకనులు. దానిని మరల తెచ్చుట ఉద్దేశము కాదు; సముద్రమే దానికి సమాధి. అదే సంవత్సరము ఆగస్టు 28న మరియొక రాకెట్టు స్క్రాంజెట్ ఇంజన్లను మోసికొనిపోగా, అవి 20 కిలోమీటర్ల ఎత్తున గాలిని పీల్చి హైడ్రోజనును 5 సెకనులు మండించెను. ఐదు సెకనులా యని నవ్వరాదు. తొలిసారి నిలువబడిన శిశువును ఎంతసేపు నిలిచితివని ఎవరును అడుగరు గదా!

హైదరాబాదు శాస్త్రజ్ఞులు మరియొక మార్గమున నడచిరి. వారు నిర్మించిన వాహనమునకు 2019 జూను 12న ఒడిషా తీరపు అబ్దుల్ కలాం ద్వీపమునుండి మొదటి యత్నము జరిగెను. 2020 సెప్టెంబరు 7న రెండవ యత్నము సఫలమాయెను. అగ్నిజాతి రాకెట్టు దానిని 30 కిలోమీటర్ల ఎత్తునకు చేర్చి విడువగా, ఇంజను అంటుకొని, సెకనుకు సుమారు 2 కిలోమీటర్ల వేగమున 20 సెకనులకు మించి నడచెను. మన లెక్కలో చెప్పినచో, జనగామనుండి మహబూబాబాదునకు పోవుదారిలో దాదాపు సగము. అప్పుడు రక్షణపరిశోధనసంస్థకు అధ్యక్షులు నెల్లూరు జిల్లాలో పుట్టిన సతీశ్ రెడ్డిగారు. ఆ యేడే డిసెంబరు 19న హైదరాబాదులో ఒక గొప్ప గాలిసొరంగము ప్రారంభమాయెను. వాహనము కదలదు; శబ్దమునకు ఐదునుండి పన్నెండురెట్ల వేగమున గాలియే దానిమీదికి వచ్చును. 2025 జనవరిలో నేలమీది పరీక్షలో ఇంజను దహనశాల 120 సెకనులు మండెను. ఏప్రిలు 25న చిన్నపరిమాణపు దహనశాల 1,000 సెకనులకు మించి నిలిచెను. ఐదు సెకనులనుండి వేయి సెకనులకు తొమ్మిదేండ్ల ప్రయాణము.

ఈ విద్య వట్టి విద్యగా మిగులలేదు. 2024 నవంబరు 16న ఒడిషా తీరమున హైదరాబాదు ప్రయోగశాలలు తయారుచేసిన హైపర్సోనిక్ క్షిపణి ఎగిరెను. అది 1,500 కిలోమీటర్లకు మించిన దూరము పోగలదని ప్రభుత్వము ప్రకటించినది. మరియొకవైపున రథపు పనియు సాగెను. కర్ణాటకములో చిత్రదుర్గము జిల్లా చళ్ళకెర చెంతగల పరీక్షాస్థలమున 2023 ఏప్రిలు 2న వైమానికదళపు హెలికాప్టరు ఒక రెక్కల వాహనమును నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తునకు తీసికొనిపోయి విడిచెను. అది నడుపువాడు లేకయే బాటను వెదకికొని దిగెను. 2024 మార్చి 22న దానిని ప్రక్కకు తప్పించి విడిచినను సరిచేసికొని దిగెను. జూను 23న మరింత కఠినముగా పరీక్షింపగా, గంటకు 320 కిలోమీటర్లకు మించిన వేగమున నేలను తాకి, పారాషూటుతో వేగము తగ్గించుకొని బాటనడుమ నిలిచెను. మార్చిలో దిగిన శరీరమునే జూనులో మరల వాడిరి. నా దృష్టిలో ఇదియే ఆ పరీక్షలలోని మధురఘట్టము. దాని పేరు పుష్పక్. ఐనను కక్ష్యనుండి దిగి, పూర్ణమైన వేడిని దాటి బాటపై నిలుచుట 2024 పరీక్షలకు మిగిలిన పని. బాణము ముందుపోయినది, రథము ఇంకను దారిలో నున్నది.

ఇట్లగుటకు కారణము చరిత్రలో వెదకవలెను. ఓరుగల్లు కోట మట్టిగోడపై నిలిచి నేను పలుమారు ఆలోచించితిని. లోపల రాతికోట, వెలుపల మట్టికోట. శత్రువుల యంత్రములు విసరిన రాళ్ళను మట్టిగోడ తనలో ఇముడ్చుకొనెడిది. జనగామ, మానుకోట, భూపాలపల్లి సీమల చెరువులు త్రవ్వించిన కాకతీయులే ఆ గోడను కట్టించిరి. 1310లో మాలిక్ కాఫూరు ముట్టడించినపుడు ప్రతాపరుద్రుడు సంధి చేసికొని నిలిచెను. 1323లో కోట పడిపోయెను. ప్రతిగోడయు ఒక అస్త్రమును పుట్టించును; ప్రతి అస్త్రమును ఒక గోడను కోరును. చీనా 2019 అక్టోబరులో తన హైపర్సోనిక్ క్షిపణిని ఊరేగించెను. రష్యా అదేయేడు డిసెంబరులో తనది సైన్యములో చేరినదని ప్రకటించెను. పొరుగువాని విల్లు చూచి మనము విల్లు ఎక్కుపెట్టితిమి. అందులో తప్పు పట్టలేము. దేశరక్షణ రాజ్యమునకు మొదటిధర్మము.

కాని ఒక భేదము గమనింపవలెను. ఓరుగల్లు ముట్టడులు నెలల తరబడి సాగెను. ఆ కాలములో రాయబారులు నడచిరి, మంత్రులు ఆలోచించిరి, రాజు సంధికో సమరమునకో నిశ్చయించుకొనెను. సెకనుకు 2 కిలోమీటర్ల చొప్పున 1,500 కిలోమీటర్లు దాటుటకు పన్నెండున్నర నిమిషములు చాలును. అంతలో అది నిజముగా వచ్చుచున్నదా, అందేమున్నది, మారుదెబ్బ కొట్టవలెనా యని నిశ్చయించువాడెవడు? అస్త్రవేగము పెరిగినకొలది మనుష్యుని ఆలోచనకు మిగులు వ్యవధి తరుగుచున్నది. 1967నాటి అంతరిక్షసంధి భూమిచుట్టు అణ్వాయుధములను త్రిప్పరాదన్నది. కాని సాధారణాయుధములను భూమిచుట్టు త్రిప్పుటనుగూర్చియు, ఈ వేగమునుగూర్చియు అందులో కట్టుబాటు లేదు. వేడిమికి కవచము కనుగొన్నారు. తొందరపాటునకు కవచము ఇంకను కనుగొనవలసియున్నది. అది ప్రయోగశాలలో దొరకునది కాదు. దేశములు ఒకచోట కూర్చుండి, ఒండొరులకు ముందుగా తెలుపుకొను నియమములు చేసికొనిననే దొరకును.

మరియొక సంగతి. అగ్నికవచమునకు తోడైన తేలికపాటి మిశ్రపదార్థములతోనే కలాముగారును, నిజాం వైద్యవిజ్ఞానసంస్థ వైద్యులును పోలియోచే కాళ్ళు చచ్చుపడిన పిల్లలకు ఊతపట్టీలు చేయించిరి. అంతకుముందు ఆ పిల్లలు మూడుకిలోల లోహపు పట్టీలు ఈడ్చుకొనుచుండిరి. కొత్తది 300 గ్రాముల పట్టీ. క్షిపణులన్నిటికంటె ఆ పట్టీలే తన కెక్కువ ఆనందమిచ్చినవని వారు పలుమారు చెప్పుకొనిరి. ఒకే పదార్థము బాణపు మొనకును పనికివచ్చెను, బాలుని కాలికిని పనికివచ్చెను. విద్యకు పక్షపాతము లేదు. దానిని ఎటు త్రిప్పవలెనో నిర్ణయించువారు మనుష్యులు. ఆ నిర్ణయము శాస్త్రజ్ఞులమీదనే, సేనాపతులమీదనే విడుచుట ప్రజారాజ్యమున తగదు. పన్ను కట్టు రైతుకును, బొగ్గు త్రవ్వు కార్మికునకును ఆ మాట అడుగు అధికారము కలదు.

అడుగవలెనన్న తెలియవలెను. 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన వరంగల్లు ఇంజనీరింగు కళాశాల మన ముంగిటనే యున్నది. మూడు జిల్లాల పిల్లలలో దాని గడప త్రొక్కువారు కలరు. మున్ముందు ఇంకను పెరుగవలెను. తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు లోహములనుగూర్చి, మంటనుగూర్చి చదివెదననినచో ఉద్యోగము దొరకునా యని మాత్రమే అడుగక, ఆ చదువు దేనికొరకో కూడ వానిని అడుగుడు. ఉపాధ్యాయులారా, పెంబర్తి రేకును, బయ్యారపు రాతిని, భూపాలపల్లి బొగ్గును చేతబట్టుకొని వేడిమిపాఠము చెప్పుడు. పిల్లలకు అంతరిక్షము దగ్గరయగును.

దేశమునకు బాణమును కావలెను, రథమును కావలెను. బాణము మనలను భయమునుండి కాపాడవచ్చును. రథము వర్షసూచన చెప్పు ఉపగ్రహమును చౌకగా పైకి చేర్చి, పాడైనదానిని క్రిందికి తెచ్చి, మన పొలమునకును తుపాను తీరమునకును మేలు చేయవచ్చును. బాణమునకు చూపిన తొందర రథమునకును చూపుడని కోరుట మన హక్కు. ఆ కోరిక మన పల్లెలనుండి వినబడిననాడు ఈ విద్య మనదగును.